సర్టిఫికెట్ మెసేజ్ ఇప్పుడు నా ఒక్కడికే

తమ్ముడూ రంగసామీ,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. ఉడుమలైపేటలో మన కొబ్బరి పీచు మిల్లు నడుస్తానే ఉంది. వెబ్‌సైటు సర్టిఫికెట్ ముగిసేముందు ఆఫీసు గ్రూపులో గుర్తుచేసేదానికి, దానంతట అదే వచ్చేటట్టు నువ్వు పెట్టిన మెసేజ్ కూడా వస్తానే ఉండె. నాకు తెలుగు చదవను రాదని, మన మాటనే అరవ అక్షరాల్లో రాసినావు: "సర్టిఫికెట్ గడువు దగ్గరకొచ్చె, నిద్రపోవద్దండి."

పోయిన నెల, కొత్తగా చేరిన కవిత అరవంలో అడిగింది. "అయ్యా, సర్టిఫికెట్ ఇప్పుడు దానంతట అదే రెన్యూ అవుతుంది. ఎవరికీ అర్థంకాని ఆ మెసేజ్ తీసేద్దామా?" అందరూ నవ్వినారు. నేను సరేనమ్మా అన్నాను.

ఇంటికి పోయినాక తోచింది. నువ్వు పోయినాక మిల్లులో నాతో మన మాట మాట్లాడేది అదొక్కటే. మరుదినం పోయి, "ఉండనీ తల్లీ" అన్నాను.

"వేస్టు కదయ్యా?"

"మా తమ్ముడు రాసిందమ్మా."

ఆ పాప దాన్ని గ్రూపులోనుంచి తీసి, నా ఫోనుకు మాత్రం వచ్చేటట్టు మార్చింది.

ఈ పొద్దు వచ్చింది. మన మాట చెవిన పడి చాలా దినాలాయెనని ఒక్కసారి పైకి చదువుకున్నాను. కవిత తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడింది.