రెండు బారల నూతికి నాలుగు బారల తాడు

కేశవరావు గారికి,

ఐనవిల్లి గంగరాజు నమస్కారాలు. ఫోన్లో మీకు సరిగ్గా వినబడదు కాబట్టి ఈ ఉత్తరం ఆటో భీమరాజుకిచ్చి అమలాపురం మీ కొట్టుకి పంపుతున్నాను. నూతి మీద ఎలాగూ ఒక గిలక ఉంది, చేదకి ఇంకోటి కట్టుకోండి, బరువు సగమైపోతుందన్నారు. నమ్మేను. కట్టి, నిండు చేదని కొబ్బరి కొట్టులో కాటా మీద పెట్టేను. ముందు పద్నాలుగు కిలోలుండేది. ఇప్పుడు పద్నాలుగున్నర. సగం తగ్గకపోగా మీ గిలక బరువు కూడా కలిసింది.

ఇట్లు,
మోసపోయిన గంగరాజు

తా.క.: కాటా మంచిదే. రెండుసార్లు చూసేను.

---

గంగరాజు గారికి నమస్కారం,

ఆయ్, కాటా మీద తగ్గదండీ. తాడు లాగే చేతికి తగ్గుతుంది. తాడు ఒక కొస నూతి మీది దూలానికి కట్టేరు కదా, సగం బరువు ఆ దూలం మోస్తుంది. మీకు మిగతా సగమే.

ఇట్లు,
మీ కేశవరావు

తా.క.: నిండు చేదని కాటా దాకా మోసుకెళ్లింది మీరేనా? అయితే మీకు గిలకెందుకండీ?

---

కేశవరావు గారికి,

గిలక నాకు కాదండీ, మా ఆవిడ సూర్యావతికి. కుడి మణికట్టు విరిగితే కిందటి నెల కట్టు విప్పేరు. చేద తోడబోయి తోడలేకపోయింది. ఆ రోజు నుంచి "నేనింక ఎందుకూ కొరగాను" అని మూల కూర్చుంటోంది. మోటారుంది కదా అంటే "అయితే ఆ మోటారునే పెళ్లాడాల్సింది" అంది. నలభై ఏళ్లు ఇల్లంతా తానై తిరిగిన మనిషి అలా కూర్చుంటే నాకు అన్నం సయించడం లేదు.

నేనే లాగి చూసేను. తేలికే, ఒప్పుకున్నాను. కానీ రెండు బారల లోతుకి నాలుగు బారల తాడు లాగాల్సి వస్తోంది! మిగిలిన తాడు కాళ్లకి చుట్టుకుంటోంది. ఇదేం బేరమండీ? వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
తాట్లో చిక్కుకున్న గంగరాజు

తా.క.: దూలం పాపం సగం మోస్తోందని మా ఆవిడ దానికి పసుపూ కుంకుమా పెట్టింది.

---

గంగరాజు గారికి,

నిజమేనండీ. బరువులో తగ్గింది పొడుగులో తీర్చాల్సిందే. అలా తీర్చక్కర్లేని గిలక నా కొట్టులోనే కాదు, ఎక్కడా దొరకదు. అయినా లాగి చూసింది మీరు. చెల్లెమ్మ గారు లాగేరా? తాడు ఆవిడ చేతికివ్వండి. అప్పటికీ నచ్చకపోతే పంపేయండి.

ఇట్లు,
కేశవరావు

తా.క.: మా ఇంటి దూలం ఎవరో, మా ఆవిడ పోయేదాకా నాకూ తెలియలేదండీ.

---

అన్నయ్య గారికి,

సూర్యావతి నమస్కరించి రాసేది. మావారికి తెలియకుండా రాస్తున్నాను. గిలక వెనక్కి పంపం.

నేను తోడడం మొదలెట్టి నెలయింది. మొదటిరోజు సగం దాకా లాగేసరికి మణికట్టు పీకింది. వదిలేద్దామనుకుంటుండగా తాడు తేలికైపోయింది. చప్టా మీద చూస్తే రెండు నీడలున్నాయి. ఆయన నా వెనకాల నిలబడి, మిగిలిన తాడు పట్టుకుని చప్పుడు కాకుండా లాగుతున్నారు. చేద పైకొచ్చేక "చూశావా, అంతా నువ్వే తోడేవు" అన్నారు. ఆయ్ అన్నాను. కళ్లల్లో నీళ్లు ఆగలేదు. చేద ఒలికిందని చెప్పి మొహం కడిగేసుకున్నాను.

తాడు ఎక్కువైందని మిమ్మల్ని విసుక్కున్నారు కదా. పాత తాడయితే ఇద్దరి చేతులకీ చోటుండేది కాదండీ.

ఇట్లు,
మీ చెల్లెలు
సూర్యావతి

తా.క.: నా చెయ్యి పది రోజుల కిందటే బాగైపోయింది. ఆ సంగతి ఆయనకి రాయకండేం.