ఫోటోలోని పాలసీసా

నువ్వు చేసింది అన్యాయం. నేను సిరిసిల్ల దవాఖానలో బిడ్డను కన్న రోజు, కువైట్‌లో నువ్వు పనిచేసే ఇంటి పిల్లాడికి పాలు పడుతూ ఉన్నావమ్మా. నీకు చదువు రాదు. అక్కడ తెలుగు చదివి వినిపించేవాళ్ళూ లేరు. అయినా రాస్తున్నాను.

నాకు పాలు చాలడం లేదు. నిన్న మందుల దుకాణానికి వెళ్ళి, ఆ పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పడుతూ నువ్వు దిగి పంపిన ఫోటో చూపించాను.

"గిసొంటి సీసనే ఇయ్యి."

"గది ఆరునెలల పిలగానిదమ్మా," అన్నాడు దుకాణపాయన. "సీస పీకకు రంధ్రం పెద్దగుంటది. పసిగుడ్డుకు పొలమారుతది."

"వానికి పట్టేది నా బిడ్డకెందుకు పట్టదు?" అని అదే తెచ్చాను.

రెండు గుటకలకే బిడ్డ ముక్కులోంచి పాలు వచ్చాయి. ఊపిరి తిరిగేదాకా వీపు తట్టి తట్టి ఏడిపించాను. అత్త సీసా లాక్కుని, "మీ అమ్మ ఉంటే చెప్తుండె గదనే," అంది. ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు చెంచాతో పడుతున్నాను.

మగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టడం నేర్పావు. పాలు పట్టడం నేర్పకుండానే విమానం ఎక్కావు.

ఆదివారం నా బిడ్డకు తొట్టెల. బిడ్డను తొట్టెలలో వేసేలోపు ఫోన్ చెయ్యి. ఆ పిల్లాణ్ణి ఒళ్ళోంచి దించి చెయ్యి.