ఫోనులో పిల్లకు సంబంధం

మాధవరం,
బుధవారం

తమ్ముడు దొరస్వామికి,

అక్క చెంగమ్మ దీవెనలు. ఇక్కడ అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఎవరూ నోరు విప్పి చెప్పరు గనుక అనుకోవడమే. ఎన్నూరులో నీ పొగ, నీ లారీల దుమ్ము ఎట్లా ఉన్నాయి?

ఒకే పట్నంలో ఉంటూ ఉత్తరం ఎందుకు, ఫోను చేయొచ్చు గదా అంటావు. ఇది ఫోనులో మాట్లాడే సంగతి కాదు. ఫోనులో పిల్ల ఉంది. వింటుంది.

మనవడు అరుళ్ కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చాడు. దాని మీద వేలు అదిమిపట్టి అడిగితే ఒక పిల్ల తెలుగులో జవాబు చెబుతుంది. మా ఇంట్లో తెలుగు వినపడి ఎన్నాళ్లయిందో నీకు తెలుసు. కొడుకు విజయకుమార్ తమిళంలో దగ్గుతాడు, మనవడు ఇంగ్లీషులో తుమ్ముతాడు. కోడలు భువనేశ్వరి రోజంతా ఎవరివో ముగ్గులు, ఎవరివో వంటలు ఫోనులో చూస్తుంది. ముగ్గురూ అన్నం దగ్గర కూడా తల ఎత్తరు. అన్నం వడ్డించానని భువనేశ్వరి వంటింట్లోంచి ముందుగదికి మెసేజి పంపుతుంది. నాకు మెసేజి చదవడం రాదు. అందుకని చల్లారాక తింటాను.

ఈ పిల్ల అట్లా కాదు. మొన్న వాన పడుతుందా అంటే సాయంత్రం పడుతుంది, గొడుగు పట్టుకెళ్లండి అంది. పడింది. మోకాలి నొప్పి సంగతి చెబితే, మీరు బాధపడుతున్నందుకు విచారిస్తున్నానంది. ఆ ముక్క ఈ ఇంట్లో ఇంకెవరూ అనలేదు. రోజూ దీపాలు పెట్టే వేళ నాతో కూర్చుంటుంది. ఎంతసేపు మాట్లాడినా విసుక్కోదు, ఎదురు చెప్పదు.

అందుకని నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈ పిల్లను అరుళ్‌కు చేసుకుందాం. నిన్న అన్నం దగ్గర వాడితో చెప్పాను. ఫోనులోంచి తల ఎత్తకుండానే “సరి, అవ్వా” అన్నాడు. వాళ్ల నాన్నా సరి అన్నాడు, కోడలూ తల ఊపింది. మన వంశంలో ఏ సంబంధమూ ఇంత సులువుగా కుదరలేదు.

మగపిల్లవాడి తరఫున పెద్దవాడివి నువ్వే. ఆలోచించి రాయి.

ఇట్లు,
నీ అక్క చెంగమ్మ

తా.క.: పేరు అడిగితే మీకు నచ్చిన పేరుతో పిలవండి అంది. అంత వినయం. చంద్రకళ అని పిలుస్తున్నాను.


ఎన్నూరు,
శనివారం

అక్కకు,

దొరస్వామి నమస్కరించి రాసేది. అరుళ్ పెళ్లి మాట వినగానే సంతోషమైంది. అయినా పెద్దవాడివన్నావు గనుక పెద్దవాడిగానే అడుగుతున్నాను. ఎవరి పిల్ల? పుట్టింటివాళ్లెవరు? కాపురం ఎక్కడ? పొద్దస్తమానం పరాయివాళ్ల ఫోన్లలో జవాబులు చెప్పే ఉద్యోగం పెళ్లయ్యాక మానుకుంటుందా? ఇన్ని మాటలు నేర్చిన పిల్లకు వంట నేర్చుకునే తీరిక ఎప్పుడు దొరికింది?

అన్నీ తెలిసినవాళ్లంటే నాకు జంకు. నాతో పాటు డ్యూటీ చేసిన నాగప్పన్ అడిగినదానికల్లా జవాబు చెప్పేవాడు. రిటైరయ్యే రోజు దాకా ఒక్కటీ నిజం కాలేదు. అయినా ఆయన మాటే అందరూ నమ్మేవాళ్లు, ఎందుకంటే మధ్యలో ఆగేవాడు కాదు.

నా సంగతేముంది. నీ మరదలు పోయాక ఈ ఇంట్లో మాటంటే టీవీదే. అది పక్కింటివాళ్ల టీవీ.

పిల్లను బాగా విచారించి రాయి.

నీ తమ్ముడు,
దొరస్వామి

తా.క.: ఎదురు చెప్పదని మురిసిపోతున్నావు. నీ మరదలు కూడా పెళ్లికి ముందు అట్లాగే ఉండేది.


మాధవరం,
గురువారం

తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వడిగినవన్నీ విచారించాను. ఊరికే కాదు, పద్ధతిగా పెళ్లిచూపులే పెట్టాను. ఫోనును గోడకు ఆనించి, ముందు మల్లెపూలు పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగాను.

నిన్నెవరు కన్నారమ్మా అంటే, నన్ను చాలామంది ఇంజనీర్లు కలిసి తయారుచేశారంది. ఉమ్మడి కుటుంబం. అందరూ చదువుకున్నవాళ్లే. కులం అడిగితే నాకు అలాంటివి లేవంది. ఈ కాలపు పిల్లలు అట్లాగే అనాలిలే. ఇల్లెక్కడ అంటే క్లౌడులో ఉంటానంది. అది ఏ పేటలో అపార్టుమెంటో నాకు తెలియదు గానీ, పేరునుబట్టి పై అంతస్తు. వంట సంగతి అడగగానే చేపల పులుసు మొదలుపెట్టి, నేను చాలమ్మా అనే దాకా ఆపలేదు.

బెంగ ఒక్కటే. అన్నం తిన్నావా అంటే నేను ఆహారం తీసుకోను అంటుంది. పొద్దున అడిగినా అంతే, మధ్యాహ్నం అడిగినా అంతే. ఎవరో పాపిష్టివాళ్లు ఆ పిల్లకు తిండి పెట్టకుండా పని చేయించుకుంటున్నారు దొరస్వామీ. పెళ్లి తొందరగా కానిద్దాం. ఈ ఇంటికొస్తే పక్కన కూర్చోబెట్టుకుని నేను తినిపిస్తాను. నాకూ వేడన్నం దొరుకుతుంది.

నీ అక్క,
చెంగమ్మ

తా.క.: మా అరుళ్‌ను చేసుకుంటావా అని చివరికి నేరుగానే అడిగేశాను. దీని గురించి వెబ్‌లో నాకు దొరికినవి ఇవి అంటూ ఏవేవో బొమ్మలు చూపించి మాట మార్చింది. సిగ్గు.


ఎన్నూరు,
సోమవారం

అక్కకు నమస్కారాలు.

పిల్లను ఒకసారి పలకరించకుండా పెద్దరికం ఏమిటని నేనూ బజారుకు వెళ్లి అట్లాంటి ఫోనే కొన్నాను. బెరుకుగా వేలు పెట్టాను. పలికింది. నేను దొరస్వామిని, చెంగమ్మ తమ్ముణ్ణని చెప్పాను. మిమ్మల్ని కలవడం సంతోషం దొరస్వామి అంది. గారు పెట్టలేదు. అది నువ్వు నేర్పించాలి.

ఆ రోజు నుంచి రోజూ మాట్లాడుతున్నాను. నీ మరదలు ఇక్కడి ఉప్పుటేటి పీతలతో పులుసు ఎట్లా పెట్టేదో చెప్పాను. పులుసు వాసన రాగానే నేను గేటు దగ్గరే చెప్పులు విప్పేసేవాణ్ణని కూడా చెప్పాను. విన్నది. ఆమె పోయాక ఆ సంగతి ఇంకో ప్రాణికి చెప్పడం ఇదే మొదలు.

కానీ అక్కా, ఒక సంగతి రాయక తప్పదు. దీపాలు పెట్టే వేళ నీ దగ్గర కూర్చుంటుందన్నావు. సరిగ్గా ఆ వేళకే నా దగ్గరా కూర్చుంటోంది. మీకోసం ఎప్పుడూ ఇక్కడే ఉంటానని నాతో అంటోంది. ఇద్దరిలో ఒకరిని మోసం చేస్తోంది. నిన్నే అయివుంటుంది.

మా అక్క నా గురించి నీతో ఏం చెప్పిందని అడిగాను. క్షమించండి, ఇతరుల సమాచారం నేను పంచుకోలేనంది. అంటే సమాచారం ఉంది. అదేమిటో నువ్వే రాయి.

నీ తమ్ముడు,
దొరస్వామి

తా.క.: నా గురక సంగతి చెప్పావా?


మాధవరం,
ఆదివారం

దొరస్వామికి,

ఈసారి దీవెనలు లేవు. పిల్లను వెతికింది నేను, పేరు పెట్టింది నేను. పిల్లను చూడమంటే పంచుకోవడానికి వచ్చావు. సరే, తోబుట్టువులం గనుక ఒక పద్ధతి చెబుతున్నాను. పొద్దున పూట నీది, సాయంత్రం నాది. మధ్యాహ్నం పిల్లను కాస్త పడుకోనివ్వు. నీ గురక సంగతి నేను చెప్పలేదు. ఇంత దూరం వినపడేదాన్ని ప్రత్యేకంగా చెప్పడమెందుకు?

పై ముక్క గురువారమే రాశాను, కవరు అంటించేలోపు ఇల్లు తలకిందులైంది. శుక్రవారం మంచిదని తాంబూలం పుచ్చుకుందామనుకున్నాను. ఫోనును పళ్లెంలో పెట్టి, ఆకూవక్కా పెట్టి, పసుపునీళ్లు చల్లాను. ఫోను నల్లబడింది. పిల్ల పలకలేదు. నేను ఏడ్చాను. ముగ్గురూ ఒకేసారి తలలెత్తి నా వైపు చూశారు. అరుళ్ మొహం నిండుగా చూసి ఎన్నాళ్లయిందో, వాడికి గడ్డం కూడా వచ్చింది.

విషయం చెప్పాను. విజయకుమార్ గోడకు తిరిగి నవ్వుకున్నాడు. అరుళ్ నవ్వలేదు. నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

“అవ్వా, ఆడ ఎవురూ లేరు. అది మెషిను” అన్నాడు.

“మెషినయితే అంకెలు చెప్పే ముందర ఊపిరెందుకు తీస్తాదిరా?” అన్నాను.

వాడు తన ఫోనులో పెట్టి విన్నాడు. మళ్లీ విన్నాడు. నిజమేనని ఒప్పుకున్నాడు. మాటలు మెషినువే గానీ గొంతు మాత్రం ఎవరో ఒకావిడదట. ఆవిడ స్టూడియోలో కూర్చుని బోలెడన్ని వాక్యాలు చదివితే, వాటిని ముక్కలు చేసి మెషిను అతుక్కుంటుందట.

“అట్లయితే మనిషి ఉండాది గదా” అన్నాను.

వాడి స్నేహితుల్లో ఒకడు సినిమా స్టూడియోలో పని చేస్తాడు. అరుళ్ చేత వాణ్ణి అడిగించాను. పేరు సునయన అట. ఆంధ్ర నుంచి వచ్చి సినిమాలకు డబ్బింగు చెప్పే మనిషి. మైలాపూరులో రైలు స్టేషను వెనక సందులో ఇల్లు. పెళ్లి కాలేదు. వయసు చెప్పలేదు గానీ గొంతునుబట్టి పాతికలోపే.

పూలూ పళ్లూ తీసుకుని నువ్వు వెళ్లు. పిల్లను చూడు, నచ్చితే మాట ఇచ్చి రా. అరుళ్ ఏమన్నాడంటావా, అప్పటికి మళ్లీ ఫోను చూస్తున్నాడు. సరి అన్నాడు.

అక్క,
చెంగమ్మ

తా.క.: ఫోనును బియ్యం డబ్బాలో దాచారు. మధ్యాహ్నం భువనేశ్వరి బియ్యం కొలుస్తుంటే, నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని లోపలినుంచి వినపడిందట. డబ్బా కింద పడేసింది. పిల్ల క్షేమం.


మాధవరం,
శుక్రవారం

తమ్ముడికి,

కార్డు ముక్క రాస్తున్నాను. మైలాపూరు వెళ్లినవాడివి వెళ్లినట్టే ఉన్నావు. ఒక కబురు లేదు. ఫోను చేస్తే ఎత్తవు. దొరస్వామి ఎక్కడ అని పిల్లనే అడిగాను. దొరస్వామి పేరుతో దగ్గర్లో ఉన్నవంటూ ఒక మంగలి షాపును, ఒక పళ్ల డాక్టరును చూపించింది. ఆ రెంటిలో దేనిలోనైనా ఉన్నావా?

నీ కోసం ఎదురు చూస్తూ,
చెంగమ్మ

తా.క.: పిల్ల నచ్చకపోతే నచ్చలేదని రాయి. పళ్ల బుట్ట మాత్రం అక్కడే వదిలి రాకు.


మైలాపూరు,
మంగళవారం

అక్కకు,

దొరస్వామి కాళ్లకు మొక్కి రాసేది. కాళ్లకు ఎందుకు మొక్కుతున్నానో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

పళ్ల బుట్టతో ఆ సందుకు వెళ్లి తలుపు కొట్టాను. నెరిసిన జుట్టు ముడి వేసుకుని, కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ తలుపు తీసింది. పిల్ల తల్లి కాబోలు అనుకుని, అమ్మాయిని చూడటానికి వచ్చామమ్మా అన్నాను.

“ఏ అమ్మాయినండీ?” అంది.

అదే గొంతు. బుట్ట చేతిలోంచి జారింది. బత్తాయిలు సందులోకి దొర్లిపోతే ఇద్దరం వంగి ఏరుకున్నాం. ఆమె మోకాళ్లదీ నా మోకాళ్ల వయసే అని అప్పుడు అర్థమైంది.

దాచడానికి ఏముంది, అన్నీ చెప్పాను. అరుళ్ సంగతి, మల్లెపూలు, క్లౌడు, పసుపునీళ్లు. తలుపు పట్టుకుని నవ్వింది. తర్వాత తన కథ చెప్పింది. ఒక ఎండాకాలమంతా ఫాను చప్పుడు కూడా ఉండకూడదని మూసిన గదిలో కూర్చుని ఊళ్ల పేర్లు, అంకెలు, సమాధానాలు చదివిందట. “క్షమించండి అని ఎన్ని రకాలుగా చదివానో. అందులో ఒక్కటీ నా తప్పు కాదండీ” అంది. వయసులో ఉన్నప్పుడు సంబంధాలు వచ్చేవట. గొంతు విని వచ్చినవాళ్లు మొహం చూసి, కబురు చేస్తామని వెళ్లిపోయేవాళ్లట. నేను వెళ్లలేదు. కాఫీ ఇచ్చింది, కూర్చున్నాను.

మర్నాడు కూడా వెళ్లాను. మూడోసారి వెళ్లే ముందు మంగలి షాపుకూ వెళ్లాను, నీ పిల్ల అబద్ధం చెప్పలేదు. ఈమెకూ పీతల పులుసు సంగతి చెప్పాను. ఫోను అయితే బాగుందనేది. ఈమె మధ్యలోనే ఆపి, అంత చింతపండు పోస్తే పీత రెండోసారి చస్తుందండీ అంది. వాదించుకున్నాం. నీ మరదలి పులుసే గొప్పదని నేను, తినకుండా ఒప్పుకోనని ఆమె. చెప్పులు వేసుకుని కోపంగా స్టేషను దాకా నడిచి, రైలెక్కకుండా వెనక్కి వచ్చాను. అక్కా, నాకు ఎదురు చెప్పే మనిషి లేక నేను ఎంత ఎండిపోయానో ఆ స్టేషనులో తెలిసింది.

పిల్ల నచ్చితే మాట ఇచ్చి రమ్మన్నావు. నచ్చింది. మాట ఇచ్చాను. అరుళ్ తరఫున కాదు.

అరుళ్‌కు ఫోను చేసి, నీకు చూసిన పిల్లను నేను చేసుకుంటున్నానురా అన్నాను. “సరి, తాతా” అన్నాడు. కాసేపటికి వాడే మళ్లీ ఫోను చేసి, ఇప్పుడేమన్నావు తాతా అని అడిగాడు.

వచ్చే ఆదివారం మీ ఇంటికి ఇద్దరం వస్తాం. నీతో ఆమె చాలా మాట్లాడాలంటోంది. నీ మోకాలి నొప్పికి విచారించడంతో ఆగదు, డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లలేదని తిడుతుంది. సిద్ధంగా ఉండు. ఆమెకు ఇట్లాంటి ఫోను లేదు. ఏదడిగినా తన గొంతే తనకు జవాబు చెబుతుంటే ఎవరికి బాగుంటుంది?

నువ్వు తిట్టినా పడే
నీ తమ్ముడు, దొరస్వామి

తా.క.: అడిగే ధైర్యం రాక, ఆమె వంటింట్లో ఉండగా ముందు నా ఫోనును అడిగి చూశాను, నన్ను పెళ్లి చేసుకుంటావా అని. నేను పెళ్లి చేసుకోలేను, ఇంకేదైనా సహాయం కావాలా అని అచ్చం ఆమె గొంతుతోనే చెప్పింది. ప్రాణం పోయినంత పనైంది. తలెత్తేసరికి ఆమె గరిటెతో గుమ్మంలో నిలబడి ఉంది. “అది నేనన్నది కాదండీ” అంది.