ఆఖరి శనివారం నేర్పిన అంకెలు

రమా,

ఆ శనివారం నువ్వు బడిలో నీ భాషల పీరియడ్‌లో ఏడో తరగతికి ఆఫ్రికా వాళ్ల స్వాహిలీ భాషలో ఒకటి నుంచి పది దాకా నేర్పావు. ఇంటికొచ్చి తలనొప్పన్నావు. సాయంత్రం సత్తెనపల్లి ఆసుపత్రిలో పోయావు.

రేపటికి ఏడాది. మీ హెడ్మాస్టరు ఇవాళ ఇంటికొచ్చాడు.

"రేపు మేడమ్ గారి సంస్మరణ సభండి. మీరిచ్చిన ఫొటో హాల్లో పెట్టించాం. మీరే దండ వెయ్యాలి."

"ఆవిడ భాషల పీరియడ్ ఎవరు చెబుతున్నారు?"

"తీసేశామండి. మిరప కోతలకెళ్లేవాళ్ల పిల్లలకి స్వాహిలీ ఎందుకండీ? ఆఫ్రికా వెళ్లి కాయలమ్ముతారా?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. కాఫీ కూడా ఇవ్వలేదు.

నిన్న బజారులో ఆ పిల్లలే నన్ను ఆపి పది దాకా అప్పజెప్పారు. తప్పులున్నాయో లేదో నాకు తెలియదు.

రేపు ఉదయం సభకు వెళ్తాను. అందరి ముందూ నీ ఫొటో దించి ఇంటికి తెచ్చేస్తాను.