ఖాళీ తేదీలు

ఫిబ్రవరి 6, సోమవారం, 2023

శ్రీకాకుళంలో ఊపిరితిత్తుల డాక్టరు ఒక పుస్తకం పెట్టమన్నాడు. రోజూ ఎలా ఉందో రాయమన్నాడు. పదిహేను రోజులకి పట్టుకురమ్మన్నాడు. కోడలు హేమ తన కూతురి బడి పుస్తకం ఇచ్చింది, సగం కాగితాలు మిగిలి ఉన్నాయి. నేను మూడో తరగతి దాకా చదివాను. అక్షరాలు వచ్చు. రాస్తాను. ఎవరికీ చూపించను.

నా పేరు మైలపల్లి లక్ష్ముడు. అరవై ఆరేళ్ళు. మా పేట కళింగపట్నం పక్కన. పద్నాలుగో ఏట నుంచి వేటే. కొడుకు గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఉన్నాడు.

రెండేళ్ళ కింద, రెండోసారి కరోనా వచ్చినప్పుడు, పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాను. పక్క మంచం మీద నా బావమరిది జగన్నాధం. నా పెళ్ళాం దానమ్మకి తమ్ముడు. నేను ఇంటికి వచ్చాను. వాడు రాలేదు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

అప్పటి నుంచి వాసన తెలియదు. ఊపిరి సగంలో తెగిపోతుంది. ఒళ్ళు ఎవరిదో మోస్తున్నట్టు ఉంటుంది. స్కాన్ తీశారు. రక్తం తీశారు. అన్నీ నార్మల్. ఎలా ఉంది అని డాక్టరు అడిగాడు. బాగుంది అన్నాను.

బయటికి వచ్చాక దానమ్మ కడిగేసింది. బాగుంటే ఇంత దూరం ఎందుకొచ్చినావయ్యా, బజారు సూడ్డానికేటి అని.

ఫిబ్రవరి 7

బాగుంది.

ఫిబ్రవరి 8

బాగుంది.

ఫిబ్రవరి 9, గురువారం

పెద్దవల వేశారు. పోయాను.

పడవ వెళ్ళి వలని సముద్రంలో వంపుగా వేసి వస్తుంది. వల రెండు కొసల తాళ్ళూ ఒడ్డు మీద ఉంటాయి. ఒక్కో తాడుకి పదిహేను మందిమి. వెనక్కి నడుస్తూ లాగుతాం. అందరికన్నా వెనక పడ్డవాడు తాడు వదిలేసి, నీళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, మళ్ళీ ముందు పట్టుకోవాలి. అలా తిరుగుతూనే ఉండాలి, వల ఒడ్డుకి చేరేదాకా. చివర ఒక మనిషి ఇసకలో కూర్చుని వచ్చిన తాడుని చుట్ట చుడుతూ ఉంటాడు. అది ఏమీ చాతకాని ముసలోళ్ళ పని.

తాడు పట్టినవాడు ఆయాసం అన్న మాట నోట ఎత్తకూడదు. మా పేట కట్టుబాటు అది. ఎత్తితే వల ఉత్తదే వస్తుంది. మా తాత ఎత్తలేదు. మా అయ్య ఎత్తలేదు. ఎలా ఉన్నావని ఎవరడిగినా మా నోటికి బాగుంది అనే వస్తుంది.

ఈ రోజు ఆరోసారి నీళ్ళ దాకా నడిచేసరికి కళ్ళ ముందు అంతా తెల్లగా అయిపోయింది. పైకి తేలనివ్వలేదు. జగన్నాధం కొడుకు బాబీ నా వెనక ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళు వాడికి. ఇప్పుడు వల వాడి మాట మీదే నడుస్తుంది. మావా, తాడుని నువ్వు పట్టుకున్నావా, తాడే నిన్ను పట్టుకున్నాదా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కవ్వళ్ళ చేపలు పడ్డాయి.

ఫిబ్రవరి 10

బాగుంది. ఏమీ కాలేదు. దానమ్మ కవ్వళ్ళ పులుసు పెట్టింది. వేడిగా ఉందని తెలిసింది. అంతే తెలిసింది.

ఫిబ్రవరి 14, మంగళవారం

మూడు రోజులు రాయలేదు. లేవలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. తడిసిన వల తెచ్చి మీద పడేసినట్టు ఉంది. నీళ్ళ చెంబు ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. దానమ్మ దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. నా గొంతూ మండింది. వాసన మాత్రం లేదు.

ఫిబ్రవరి 15. బాగుంది.
ఫిబ్రవరి 16. బాగుంది.
ఫిబ్రవరి 17. బాగుంది.
ఫిబ్రవరి 18. అదే.
ఫిబ్రవరి 19. అదే.

ఫిబ్రవరి 20, సోమవారం

మళ్ళీ శ్రీకాకుళం. నడక టెస్టు పెట్టారు. వరండాలో ఈ గీత నుంచి ఆ గీత దాకా ఆరు నిమిషాలు నడవాలి. ఆయాసం వస్తే ఆ కుర్చీలో కూర్చో తాతా అంది నర్సు. నేను ఆ కుర్చీ వైపు చూడలేదు. వేలికి క్లిప్పు పెడితే అంకె రాలేదు. తాడు లాగి లాగి నా వేళ్ళు తాబేలు డిప్పల్లా ఉంటాయి. నాలుగు వేళ్ళు మార్చింది. చిటికెన వేలికి వచ్చింది.

గాలికి ఎదురు నడిచినట్టు నడిచాను. ఒక్కసారి ఆగలేదు. మీ వయసులో ఇంత నడిచినవాళ్ళని చూడలేదంది. ఛాతీ పొంగింది.

డాక్టరు కాగితాలు చూసి అన్నీ నార్మల్ అన్నాడు. భయం వల్ల అలా అనిపిస్తుందన్నాడు. రోజూ గట్టిగా నడవమన్నాడు. ఇంక రానక్కర్లేదన్నాడు. పుస్తకం అడిగాడు. రాయలేదన్నాను. పుస్తకం దానమ్మ సంచిలో ఉంది.

ఫిబ్రవరి 21

బాగుంది. డాక్టరు చెప్పినట్టు గట్టిగా నడిచాను.

ఫిబ్రవరి 25, శనివారం

మళ్ళీ మూడు రోజులు పోయాయి. నిన్న హేమ నన్ను లేపి కూర్చోబెట్టి గంజి తాగించింది. కోడలి చేత తినిపించుకున్నాను. సిగ్గు వేయాలి. వేయలేదు.

నార్మల్ అయితే నువ్విలాగ ఎండేసిన వంజరం చేప ముక్కలాగ ఎందుకు పడున్నావు మావా అని హేమ గట్టిగా అరిచింది. ఫోన్ తీసి వెతికింది. కరోనా పోయాక కూడా కొందరికి ఇలాగే ఉండిపోతుందట. దానికి వేరే డాక్టర్లు ఉంటారట. విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో ఉన్నట్టు దొరికింది.

ఫిబ్రవరి 26. బాగుంది.
ఫిబ్రవరి 27. బాగుంది.
ఫిబ్రవరి 28. బాగుంది.
మార్చి 1. రేపు విశాఖపట్నం.

మార్చి 2, గురువారం

తెల్లారే బయలుదేరాం, నేనూ దానమ్మా. వేటకి పోయేటప్పుడు లాగే ఎవరూ ఎక్కడికని అడగలేదు.

కరోనా తరవాత చూసే డాక్టరు అని అడిగితే ఊపిరితిత్తుల దగ్గరికి పంపారు. వాళ్ళు గుండె దగ్గరికి పంపారు. గుండెవాళ్ళు నరాల దగ్గరికి పంపారు. అక్కడ ఒకాయన, కరోనా ఇంకా ఎక్కడున్నాది పెద్దాయనా అని నవ్వాడు. చివరికి మూడో అంతస్తు అన్నారు. లిఫ్టు పని చెయ్యడం లేదు. మెట్ల మీద ఎక్కడా ఆగలేదు.

గది పైన బోర్డు ఉంది. లోపల విరిగిన మంచాలు, పాత పరుపులు, ఆక్సిజన్ సిలిండర్లు. సిలిండర్లని చూస్తూ నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు.

తుడుస్తున్న ఆయమ్మ, అది ఎత్తేసి ఏడాదయింది, పేషెంట్లు రావడం లేదని మూసేసినారు అంది. హేమకి ఫోన్‌లో దొరికింది రెండేళ్ళ నాటి వార్త, తేదీ ఎవరమూ చూసుకోలేదు. మేమొచ్చినాం కదమ్మా అంది దానమ్మ. ఆయమ్మ చీపురు పక్కన పెట్టింది. ఇక్కడ ఊపిరి పీల్చడం నేర్పిన ఫిజియో పిల్ల ఝాన్సీ ఇప్పుడు విజయనగరంలో సేస్తన్నాది, మంచి పిల్ల, ఇసుక్కోదు అంది. మా బస్సు టికెట్టు వెనక నంబరు రాయించి ఇచ్చింది.

మార్చి 3

బాగుంది.

మార్చి 7, మంగళవారం

మళ్ళీ మూడు రోజులు. ఎక్కడికి పోయాయో తెలియదు.

మార్చి 8. బాగుంది.

మార్చి 9, గురువారం

బాబీ వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. రేపటి నుంచి తాడు సుట్టే పని సూసుకో మావా, నువ్వు నీళ్ళ దాకా నడిసొచ్చేసరికి సేపలు ఒరిస్సా ఎలిపోతన్నాయి అన్నాడు. లోపల హేమ వింటోంది. ఒరే, నీ అయ్యకి ముడి వెయ్యడం నేర్పినోణ్ణి నేను అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. వెనక నుంచి చూస్తే జగన్నాధం నడకే.

మార్చి 10. బాగుంది.
మార్చి 11. బాగుంది.
మార్చి 12. బాగుంది.

మార్చి 13, సోమవారం

విజయనగరం. చిన్న గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, చెక్కతో చేసిన మూడు మెట్లు. ఝాన్సీకి ముప్పై ఏళ్ళు ఉండవు. నన్ను నడవమనలేదు. కూర్చోమంది. మంచినీళ్ళు ఇచ్చింది. ఎలా ఉంది తాతా అంది.

బాగుంది అన్నాను.

దానమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. ఆ పిల్లకని తెచ్చిన ఎండు నెత్తళ్ళ పొట్లం తీసి, దాని కింద నుంచి ఈ పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. దానమ్మకి చదువు రాదు. ఇందులో ఏముందో తెలియదు. నేను చెయ్యి చాపేలోగా ఝాన్సీ తెరిచింది. చెవులు కాలిపోయాయి.

నా అక్షరాలు ఆమెకి అందలేదు. రాత చదవలేదు. తేదీల మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. రోజూ రాసినావు కదా తాతా, మరి ఇక్కడ మూడు రోజులు లేవేటి, ఇక్కడ మూడు, ఇక్కడా మూడు, మర్సిపోయినావా అంది. మర్చిపోలేదు, లేవలేకపోయాను అన్నాను. నోరు జారింది.

వాటికి ముందు ఏం చేశావో ఒక్కొక్కటే అడిగింది. వల లాగాను. నడక టెస్టు నడిచాను. మెట్లు ఎక్కాను. ఆమె వేళ్ళ మీద లెక్క చూపించింది. పని చేసిన రోజు బాగుంది. మర్నాడు బాగుంది. మూడో రోజుకి పడిపోయాను. మూడుసార్లూ అంతే.

ఎవరూ రాయని రిపోర్టు నువ్వు రాసినావు తాతా అంది. ఈ జబ్బు అలాగే కొడతాది, ఆలీసంగా కొడతాది, అందుకే పని మీద అనుమానం రాదు అంది. గట్టిగా నడవడం మానమంది. అలుపు రాకముందే ఆపమంది.

సగం వల సముద్రంలో వదిలేసి ఇంటికెళ్ళిపోయే మనిషిని ఎక్కడైనా సూసినావా అన్నాను. లేదు గాని, కూకుని సేసే పని ఏదైనా ఉన్నాదా అంది. ఉన్నాదమ్మా, తాడు సుట్టడం, మా మేనల్లుడు అదిస్తానంటే ఈ మగరాయుడు ఇంతెత్తున లేసినాడు అంది దానమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను గోడ చూశాను.

పెదాలు ముడిచి మెల్లగా ఊదడం నేర్పింది, వేడి గంజి ఊదినట్టు. రెండు వారాలకోసారి రమ్మంది. పూర్తిగా పోతాదో లేదో నేను సెప్పలేను, పడిపోకుండా మాత్రం సూసుకోవచ్చు అంది. ఒక్కటే అడుగుతున్నానంది. ఎలా ఉంది అంటే ఉన్నది చెప్పాలి. బాగుంది అంటే మేము పక్క మంచానికి వెళ్ళిపోతాం తాతా అంది.

మార్చి 14, మంగళవారం

పక్క మంచానికి వెళ్ళిపోతాం అంది.

రాస్తాను. ఆసుపత్రిలో ఐదో రోజు పొద్దున్న. జగన్నాధం నా వైపు తిరిగి, ఆయాసంగా ఉన్నాది బావా అన్నాడు. నోరు ముయ్యరా, ఆ మాట ఎత్తకు, ఎత్తితే ఉత్త సేతుల్తో ఎలిపోతాం అన్నాను. డాక్టరు వచ్చాడు, ఒళ్ళంతా ప్లాస్టిక్ కప్పుకుని. వార్డు నిండా మనుషులు, క్లిప్పులు చాలలేదు. ఎలా ఉంది అని జగన్నాధాన్ని అడిగాడు. వాడు నా ముఖం చూశాడు. బాగుంది అన్నాడు. డాక్టరు పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి అయిపోయింది.

చెప్పి ఉంటే బతికేవాడో లేదో నాకు తెలియదు. దానమ్మకి చెప్పలేదు. బాబీకి చెప్పలేదు.

మార్చి 15. లవంగం వాసన చూడమంది ఝాన్సీ, రోజూ. చూశాను. ఏమీ లేదు.
మార్చి 16. ఊదాను. లవంగం. ఏమీ లేదు.
మార్చి 17. వల వేశారు. వెళ్ళలేదు. తాడు లాగే కేకలు ఇంట్లోకి వినిపించాయి.
మార్చి 18. ఆయాసంగా ఉంది. రాసి చూశాను. రాస్తే ఏమీ కాలేదు.
మార్చి 19. ఊదాను.

మార్చి 20, సోమవారం

ఒడ్డుకి వెళ్ళాను. బాబీ ఈసారి లాగమనే తాడు అందించాడు. నాకు ఆయాసంరా, సుట్ట సుడతాను అన్నాను. అందరికీ వినపడేటట్టే అన్నాను. ఒకడు ఇసకలో మూడుసార్లు ఉమ్మాడు. వెళ్ళి తాళ్ళ చివర కూర్చున్నాను.

తాడు చుట్టేవాడి దగ్గరికి ప్రతివాడూ తిప్పుకి ఒకసారి వస్తాడు. బాబీ మొదటిసారి వచ్చినప్పుడు, ఆసుపత్రిలో నీ అయ్య ఆయాసం అని నాతో అన్నాడు అని చెప్పాను. వాడు తాడు వదిలి నీళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాడు. రెండోసారి వచ్చాడు. నోరు ముయ్యమన్నాను అని చెప్పాను. వెళ్ళాడు. మూడోసారి వచ్చాడు. నా మాట విని డాక్టరుతో బాగుంది అన్నాడు అని చెప్పాను.

ఈసారి వాడు తాడు వదల్లేదు. అలాగే నిలబడ్డాడు. ముందు నుంచి, ఒరే బాబీ, నిద్రోతన్నావేట్రా అని కేకలు. వాడు నా చేతుల్లోకి చూశాడు. సుట్ట వదులుగా సుడతన్నావు మావా, బిగించు అన్నాడు. తాడు వదిలి నీళ్ళ వైపు వెళ్ళాడు.

బిగించాను.

వల ఉత్తది రాలేదు. నిండుగానూ రాలేదు. ఎప్పుడూ వచ్చేంతే వచ్చింది.

మార్చి 21

లేచాను. బాబీ తన మేనత్త దానమ్మకి అంతా చెప్పాడట. దానమ్మ పొద్దుటి నుంచి నాతో మాట్లాడలేదు. గంజి మాత్రం ఊది ఇచ్చింది.

మార్చి 22

ఆయాసం ఉంది. వాసన లేదు. మూడో రోజు లెక్కన ఈ తేదీ ఖాళీగా ఉండాలి. లేదు.