పద్నాలుగో నంబరు గుర్రం మీద నేను రాసిన రెండు వాక్యాలు

అశ్వదళ పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
సదరు కార్యాలయపు ఉత్తరప్రత్యుత్తరాల విభాగంలో జూనియర్ అసిస్టెంటు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నం. 14 గుర్రమును అవిధేయత కారణముగా వచ్చే సోమవారం వేలం వేయు ఉత్తర్వును నిలిపివేయుట – సదరు అవిధేయత నా వ్రాతలో పుట్టినదగుట – గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు గుర్రము పన్నెండు సంవత్సరములుగా గస్తీ విధులలో ఉన్నది. నా వ్రాతకు ముందు దాని మీద ఒక్క ఫిర్యాదు లేదు. దాని సంరక్షకుడు మా నాన్న. దాన్ని 'పెద్దోడా' అని పిలుస్తాడు. నేను ఆయనకు ఒక్కతే కూతురిని, అయినా ఆ వరసలో చిన్నదాన్ని.

2. గత సంవత్సరం నం. 9 గుర్రము మరణించినది. మరణించిన గుర్రపు సామగ్రి సీనియారిటీ ప్రకారం తరువాతి గుర్రమునకు చెందవలెనని నిబంధన. కుర్చీలకూ బీరువాలకూ ఈ పద్ధతి బాగానే ఉంటుంది. తొమ్మిదో నంబరుది బల్లలాంటి వీపు. పెద్దోడిది ఎత్తు మూపు. అలా దానికి వచ్చిన ఆ వెడల్పు జీను మీద నిలవక కిందికి దిగిపోయి మూపు ఎముకను నొక్కుతుంది.

3. మూడు నెలల కిందట నాన్న మా విభాగం కిటికీ దగ్గరకు వచ్చి, "అమ్మా, కొత్తగా వేసిన జీను ఒరుసుకుపోయి పెద్దోడికి నొప్పెడుతోంది. అందుకే ఎవర్నీ ఎక్కనివ్వట్లేదు. నీకు చదువొచ్చుగా, పైవాళ్లకి ఓ ముక్క రాసిపెట్టు" అన్నాడు. మా ఇంట్లో రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాన్న నన్ను ఏదైనా రాయమని అడగడం అదే మొదటిసారి.

4. నేను ఇలా రాశాను: "నం. 14 గుర్రము విధి నిర్వహణకు నిరాకరించుచున్నది. తగు చర్య తీసుకొనగలరు." నాన్న అన్నవి ఆఫీసు కాగితంలో రాసే మాటలు కావనుకున్నాను. హెడ్ క్లర్కు గారు చూసి, "ఇదమ్మా రాతంటే! సొద లేదు, సుత్తి లేదు" అని మెచ్చుకున్నారు. ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను. ఆ సంగతి కూడా తమకు దాచకుండా తెలియజేసుకుంటున్నాను.

5. సదరు కాగితం ఐదు బల్లలు దాటి 'అవిధేయత' అయినది. ఏ బల్ల దగ్గరా ఎవరూ జీను ఎత్తి చూడలేదు. మూపు మీద తెల్లబడిన వెంట్రుకలను 'వృద్ధాప్య లక్షణం' అని నమోదు చేశారు. జీను ఒత్తిన చోట వెంట్రుక తెల్లగా మొలుస్తుందని గుర్రాల దగ్గర పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఆ తెలుపు కింద ఇప్పుడు పుండు ఉంది.

6. ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి నాన్న నాతో మాట్లాడడం లేదు. ఒకే గదిలో ఉంటాం. కంచం ముందు పెడితే తింటాడు, కడిగి బోర్లిస్తాడు. నేను శాలకు వెళితే గుర్రంతో, "ఒరే పెద్దోడా, ఆఫీసరమ్మగారు వచ్చారు, సరిగ్గా నిలబడు. లేకపోతే నీ మీద ఇంకో కాయితం రాస్తారు" అంటాడు. నన్ను 'గారు' అంటున్నాడు. ఆఫీసులో మధ్యాహ్నం అందరూ ఒకచోట చేరి డబ్బాలు విప్పుతారు. నేను వస్తే, "గుర్రాల వాసనమ్మా, ఏమనుకోకు" అని కిటికీ తెరుస్తారు. శాల వెనక ఇళ్లవాళ్లు నేను రాగానే మాట ఆపేస్తారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక పెద్దోడి దగ్గర నిలబడుతున్నాను. ఈ అంశము ఉత్తర్వుకు సంబంధించినది కాదు. కొట్టివేయవచ్చును.

7. వేలంలో కొనేది అద్దె సవారీలవాళ్లు. అక్కడ ఎవరు డబ్బిస్తే వాళ్లు ఎక్కుతారు, పొద్దున్నించి సాయంత్రం దాకా. గుర్రాన్ని ఎక్కడమే తప్పా అని నేను అడగడం లేదు. అంతటిదాన్ని కాను, పైగా ఆ ఎక్కేవాళ్ల వల్లే మా ఇంట్లో పొయ్యి వెలిగింది, నా చదువు సాగింది. అయితే నిబంధనల పుస్తకం రెండుసార్లు చదివాను. పన్నెండేళ్లు మోసినది ఇక వద్దంటే ఆ మాట వినాలని అందులో లేదు. వినకూడదని కూడా లేదు.

కావున, నేను రాసిన ఆ రెండు వాక్యాలను రద్దుచేసి, తప్పును నా పేర నమోదు చేయవలసిందిగానూ, గుర్రమును సవారీ నుంచి పూర్తిగా తప్పించి మా నాన్న సంరక్షణలోనే ఉంచవలసిందిగానూ ప్రార్థన. తమరు ఒక్కసారి శాలకు విచ్చేసి, జీనుకూ మూపుకూ మధ్య తమ చెయ్యి పెట్టి చూడవలసిందని కూడా వేడుకొనుచున్నాను.

ఈ కొద్ది విన్నపమును సోమవారం లోపుగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జూనియర్ అసిస్టెంటు
(నం. 14 గుర్రపు సంరక్షకుని కుమార్తె)

తా.క. ఈ అర్జీని శాలలో నిలబడి నాన్నకు చదివి వినిపించాను. అంతా విన్నాడు. గుర్రం వైపే చూస్తూ, "ఇంత కాయితంలో నీ నొప్పి ఎన్నో నంబరు మీద ఉందిరా?" అన్నాడు. వెతికాను. మూడో నంబరులో, అదీ ఆయన చెప్పిన మాటలోనే దొరికింది. మళ్లీ రాసే వ్యవధి లేదు, టపా కట్ట కడుతున్నారు. దయచేసి ఇది ముందు చదవండి. అయ్యా, గుర్రానికి వీపు నొప్పిగా ఉంది. ఎక్కొద్దని చెబుతోంది. వేలం ఆపడం తమ వల్ల కాకపోతే, కొనేవాళ్లకైనా ఈ ఒక్క ముక్క చెప్పండి.