ఇంజన్ విప్పకు

చిన్నా, బోటు ఇంజన్ విప్పకు. ముందు రేవులోనే స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి విను. ఆ టకటక చప్పుడు రాదు. గేర్ వేశాకే మొదలవుతుంది. అంటే తప్పు పైన ఇంజన్‌లో లేదు, కింద నీళ్ళలో ఉంది. ప్రొపెల్లర్ రెక్క ఒకటి కొస దగ్గర వంగి ఉంటుంది చూడు. లోపల దాన్ని తిప్పే షాఫ్ట్ కూడా వంగిందేమో మెకానిక్‌కి చూపించు.

ఇవన్నీ వదినకెలా తెలుసనుకుంటావు. సోమవారం నువ్వూ మీ అన్నయ్యా ఇంట్లో లేనప్పుడు బోటు తీసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చాను. లోతు తగ్గే చోట మోటారు పైకి లేపాలని నువ్వు పదిసార్లు చెప్పావు. నేను మరిచిపోయి ప్రొపెల్లర్‌ని రాయికి కొట్టించాను. తిరిగి వస్తున్నంతసేపూ ఆ చప్పుడు వింటూనే ఉన్నాను.

నిన్న భోజనాల దగ్గర మీ అన్నయ్య, ఆ చప్పుడు విని, పెట్రోల్లో ఆయిల్ తక్కువ కలిపి ఇంజన్‌ని చంపేశావని నిన్ను నానా మాటలూ అన్నారు. బోటు తాళం కూడా లాక్కున్నారు. నువ్వు ఆయిల్ కొలిచేది నా వంటింటి గ్లాసుతోనే. ఆ కొలత ఏనాడూ తప్పలేదని నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పకుండా నీకు మారు వడ్డించాను. నువ్వు తల వంచుకునే "చాలు వదినా" అన్నావు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

తాళం ఆయన చొక్కా జేబులోంచి తీసి ఈ చీటీ కింద పెట్టాను. మా అమ్మని చూసి సాయంత్రం ఆరింటి బస్సుకి వచ్చేస్తాను. రాగానే ఆయనకి నీ ఎదుటే చెబుతాను.

అప్పుడు మాత్రం "పోనీలే అన్నయ్యా" అంటూ నన్ను వెనకేసుకు రాకు.